ఆవగింజంత ఇనుము

ఆసుపత్రి నేలమాళిగ,
పెద్ద అయస్కాంతానికి పన్నెండు అడుగుల దూరం,
జూన్ మొదటి సోమవారం

గడియారాల లోకానికి ఏకైక మహారాణి, మా నాన్నకి అక్క, నాకు మేనత్త అయిన అత్తయ్య దివ్యసముఖానికి,

మేనల్లుడు బొంగరం వంగి వంగి చేసుకునే విన్నపం. నేనిక్కడ క్షేమం. నువ్విచ్చిన గడియారం క్షేమం కాదు.

ఈ ముక్క చదవగానే నువ్వు కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టి ఒక మాట అని ఉంటావు. ఆ మాట నాకు తెలుసు, చిన్నప్పటినుంచీ వింటున్నదే. అనేశావు కదా, ఇక మిగతాది చదువు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు "ఊఁ" అంటావు, "చేతిలో పనుందిరా" అంటావు, పెట్టేస్తావు. ఉత్తరమైతే పెట్టెయ్యలేవు.

జరిగింది ఇదీ. నన్ను ఎమ్మారై స్కాను విభాగంలో శిక్షణకి వేశారు. ఫిజిక్సు చదివినవాడికి ఆసుపత్రిలో ఏం పనిరా అన్నావు కదా. ఇదే పని. యంత్రం చెప్పిన మాట వింటోందా, బొమ్మ సరిగ్గా వస్తోందా, లోపల పడుకున్న మనిషి వెళ్లినట్టే తిరిగొస్తున్నాడా చూడటం. యంత్రమంటే గది నిండా ఉండే తెల్లటి సొరంగం. దాని శక్తి భూమికున్న అయస్కాంత శక్తికి ముప్పై వేల రెట్లు. పగలూ రాత్రీ ఆపరు. ఆపడానికి ఒక మీట ఉంది గానీ, అది నొక్కితే లోపలి చల్లటి వాయువుతో పాటు నొక్కినవాడి ఉద్యోగం కూడా ఆవిరైపోతుందట.

మొదటిరోజు గుమ్మం దగ్గర అన్నీ తీసి పళ్లెంలో పెట్టాను. తాళాలు, చిల్లర, బెల్టు, ఫోను. మా హెడ్డు ఒక కనుబొమ్మ ఎత్తిందంటే యంత్రాలు కూడా సర్దుకుని కూర్చుంటాయి. ఆవిడ "అన్నీ తీశావా?" అంది. "అన్నీ తీశాను మేడమ్" అన్నాను. రెండడుగులు వేశాను. నా ఎడమ చెయ్యి నన్ను అడక్కుండా ముందు నడవడం మొదలుపెట్టింది.

ఆరేళ్లుగా పెట్టుకుని పెట్టుకుని అది గడియారమని మర్చిపోయాను అత్తా. చెయ్యే అనుకున్నాను.

హెడ్డు కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. అప్పటినుంచీ గడియారం గంటకి ఇరవై నిమిషాలు ముందుకి పరిగెడుతోంది. దాని లెక్కన నేను త్వరలో రిటైరవుతాను. పార్సిల్లో పంపుతున్నాను. ఏ గడియారమైనా రెండు రోజుల్లో బాగుచేసి ఇస్తావన్న పేరు నీకుంది. నిలబెట్టుకో.

నీ పాదధూళికి కూడా తగని
బొంగరం


గడియారాల కొట్టు,
కిటికీ పక్క బల్ల,
జూన్ మూడో వారం

ఒరేయ్ బొంగరం,

ఆ మాట రెండుసార్లు అన్నాను. పక్క కొట్టు దర్జీ విని "ఎవరినమ్మా?" అన్నాడు. "సైంటిస్టుని" అన్నాను.

మూత తీసి చూశాను. లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఉంటుంది, చుట్టలు చుట్టలుగా. ఏ చుట్టా పక్క చుట్టని తాకకూడదు. నీ పుణ్యమా అని అవి ఏళ్ల తర్వాత కలిసిన చుట్టాల్లా ఒకదాన్నొకటి వాటేసుకుని కూర్చున్నాయి. స్ప్రింగు పొట్టిదైనట్టయింది, అందుకే ఆ పరుగు. నా దగ్గర గుప్పెడంత తీగచుట్ట ఉందిగా, కరెంటు పెట్టి, గడియారాన్ని అందులోంచి మెల్లగా బయటికి లాగాను. విడిపోయాయి. గది నిండా ఉన్న మీ రాక్షసుడు అంటించినదాన్ని నా గుప్పెడు తీగ విడిపించింది. మీ హెడ్డుకి చెప్పు.

ఇంకో సంగతి. నా దగ్గరికి ఒక టీచరమ్మ వస్తూ ఉంటుంది. ఆవిడకి రెండు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు మొద్దుబారుతున్నాయట. చిటికెన వేలు బాగానే ఉందట. సన్న పట్టకారు పట్టుకుంటే జారిపోతోందట, పాపం. మెడలో నరం నొక్కుకుందేమో, మీ స్కానే తీయించుకోమని డాక్టరు రాశాడు. నాకేం భయం లేదు, ఆవిడకి భయం. ఆ సొరంగంలో మనిషిని ఏం చేస్తారో చెప్పు, ఆవిడకి చెబుతాను. నీ పుస్తకాల భాషలో రాస్తే చింపేస్తాను.

గడియారానికి ఇంకో నాలుగు రోజులు పడుతుంది. నాకు నువ్వొక్కడివేనా?

అత్త


ఆసుపత్రి నేలమాళిగ,
హెడ్డు కళ్లు పడని మూల,
జులై రెండో వారం

అత్తా,

టీచరమ్మ గారికి నమస్కారాలు. పాఠం మొదలుపెడుతున్నాను, చేతులు కట్టుకుని వినమను.

మన ఒంట్లో సగానికి పైగా నీళ్లే. ఆ నీళ్ల నిండా లెక్కపెట్టలేనన్ని బొంగరాలు. (నా పేరు సైన్సుకి కూడా ఎక్కింది చూడు.) ప్రోటాన్లు అంటారు. ఒక్కొక్కటీ ఒక బుల్లి అయస్కాంతం. మామూలుగా టీచరు రాని క్లాసులో పిల్లల్లా తలోదిక్కూ చూస్తుంటాయి. సొరంగంలో పడుకోబెట్టగానే టీచరు గదిలోకి వచ్చినట్టు. అందరూ బుద్ధిమంతులైపోతారనుకోకు. పది లక్షలమందిలో ఏ నలుగురైదుగురో అదనంగా టీచరు వైపు తిరుగుతారు. ఆ నలుగురి మంచితనం మీదే మా విభాగం మొత్తం బతుకుతోంది.

బొంగరం పడిపోబోయే ముందు తల గుండ్రంగా ఊపుతుంది కదా. ఇవీ అలాగే ఊపుతాయి, సెకనుకి ఆరుకోట్ల నలభై లక్షల సార్లు. మేం సరిగ్గా అదే వేగంతో రేడియో తరంగం పంపుతాం. ఉయ్యాల ఊపుకి తగ్గట్టు తోస్తేనే కదా అది ఎత్తుకెళ్తుంది. వేళ తప్పి తోస్తే పళ్లు రాలతాయి. వేళ కుదిరింది కాబట్టి బొంగరాలు పక్కకి వాలిపోతాయి. అప్పుడు తోయడం మానేస్తాం. అవి మళ్లీ లేచి సర్దుకుంటూ సన్నగా గొణుగుతాయి. ఆ గొణుగుడు వినడమే స్కాను. నీళ్లలోవి తీరిగ్గా లేస్తాయి, కొవ్వులోవి చటుక్కున లేస్తాయి, వాచిన చోటువి ఇంకోలా. ఆ తేడాయే బొమ్మ. నువ్వు గడియారం చెవి దగ్గర పెట్టుకుని "దీనికి నూనె ఆరిపోయింది" అంటావే, అదే విద్య. నీకు బల్లా కుర్చీ సరిపోయాయి, మాకు మేడంత యంత్రం కావాల్సొచ్చింది.

మరి గొణిగింది మెడో మోకాలో ఎలా తెలుస్తుందంటావు. అయస్కాంతం బలాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకి కొంచెం కొంచెం మారుస్తాం. ఒక్కో చోటు ఒక్కో శ్రుతిలో గొణుగుతుంది. ఆ మార్చే తీగలే దడదడమని మోత మోగిస్తాయి. ఎవరో తలుపు బాదుతున్నారని ఆవిడ లేచి వెళ్లకూడదు, అంతే.

నొప్పి ఉండదు, సూది ఉండదు, ఎక్స్‌రే కూడా కాదు. ముందు ఒక ఫారం ఇస్తారు, ఇరవై మూడు ప్రశ్నలు. గుండెకి యంత్రం ఉందా, ఒంట్లో స్టీలు ముక్కలున్నాయా, కంట్లో ఎప్పుడైనా ఇనప రజను పడిందా, ఇలాంటివి. టీచరమ్మ కంట్లో పడితే సుద్దపొడి పడాలి. దాన్ని మా అయస్కాంతం తలతిప్పి కూడా చూడదు. అన్నిటికీ 'లేదు, లేదు' అని కొట్టేసుకుంటూ పొమ్మను.

నా గడియారమేది? నాలుగు రోజులై మూడు వారాలైంది. నీ చేతిలో కూడా అది పరిగెడుతోందా, పాకుతోందా?

బొంగరం


గడియారాల కొట్టు,
ఆగస్టు మూడో వారం

బొంగరం,

టీచరమ్మకి చదివి వినిపించాను. నవ్వింది. బాగా చెప్పాడు, వీడికి చిన్నప్పుడు పాఠం చెప్పినవాళ్లు ఓపికమంతులు అంది.

ఆవిడకొక సందేహం. ఎప్పుడో పదహారేళ్ల కిందట కంటి పక్కన ఆవగింజలో సగం ఇనప ముక్క ఉండిపోయిందనుకో. ఏ గొడవా చెయ్యకుండా దాని మానాన అది పడుంటే, దాన్ని కూడా లెక్కలో వేసుకుంటారా? ఫారంలో 'లేదు' అనే రాసేసింది, నువ్వు రాయమన్నావుగా. ఇంట్లోవాళ్లకే చెప్పని సంగతి, ఇప్పుడు కాగితం మీద పెడితే అందరికీ తెలుస్తుందని ఆవిడ బాధ. వచ్చే గురువారం స్కాను. ఊరికే అడిగింది. తొందరేం లేదు.

గడియారానికి ఒక పార్టు రావాలి.

అత్త


నేలమాళిగ,
సోమవారం, కొరియర్లో

అత్తా,

తొందరుంది.

పదకొండుసార్లు ఫోన్ చేశాను. నీ ఫోను సొరుగులో గుడ్డముక్కల కింద సుఖంగా నిద్రపోతోందని తెలుసు. దర్జీకి చేశాను. ఏ స్కాను సెంటరో ఆయనకి తెలీదట. "అత్తయ్యని వెళ్లొద్దని చెప్పండి" అన్నాను. "ఆవిడకి నేను చెప్పడమా? నాకు ఇంకా కుట్టాల్సిన బట్టలున్నాయి బాబూ" అన్నాడు. చివరికి ఒకటి ఒప్పుకున్నాడు. ఈ ఉత్తరం రాగానే నీ బల్ల మీద పెట్టి, నువ్వు చదివేదాకా అక్కడే నిలబడతాడు. నిలబడ్డాడా? పాపం, కూర్చోమను.

టీచరమ్మ లేదు అత్తా. సుద్దముక్క పట్టుకునే మనిషి చేతిలోంచి పట్టకారు ఎలా జారుతుంది? రెండు రోజుల్లో ఇచ్చే గడియారం రెండు నెలలైనా ఎందుకు రాలేదు? ఏ పార్టూ అక్కర్లేదని నాకు తెలుసు, చుట్టలు విడిపోయాయని నువ్వే రాశావు. చీమల బారులా ఉండే నీ అక్షరాలు మొన్నటి ఉత్తరంలో ఒక్కొక్కటీ ఒక్కో వీధిలో ఉన్నాయి. మనిషి ఒంట్లో కనిపించనివి చూపిస్తానని జీతం తీసుకుంటున్న నేను, కాగితం మీద కనిపిస్తున్నది నీ రెండో ఉత్తరం దాకా చూడలేదు. ఆ మాట ఇంకోసారి అను, పడతాను.

ఇప్పుడు హాస్యం కాదు. అయస్కాంతం ముందు ఇనుముకి చిన్నా పెద్దా లేదు. దాన్ని లాగుతుంది, లేదా తన దారికి మెలితిప్పుతుంది. నా గడియారం రెండడుగుల్లో నా చెయ్యినే లాక్కెళ్లింది. నీ కంటి పక్కన ఆ ముక్క కదలడానికి చోటెంత? కాస్త కదిలినా కన్ను పోవచ్చు. అన్నిటికీ 'లేదు' అని కొట్టెయ్యమన్నది నేనే. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను, ఆ ఉత్తరంలో దాన్ని నల్లసిరాతో కొట్టేసెయ్. ఫారంలో 'ఉంది' అని రాయి. శనివారం లోపు జవాబు రాకపోతే నేనే దిగుతాను. దిగితే నీ బల్ల మీద సామాను సర్దుతాను, జాగ్రత్త.

ఇంతకీ ఆ ముక్క ఎక్కడిది? దర్జీని అడిగితే "నన్నడగొద్దు బాబూ" అని ఫోన్ పెట్టేశాడు.

బొంగరం


గడియారాల కొట్టు,
గురువారం సాయంత్రం

బొంగరం,

నా బల్ల జోలికి రావద్దు. చదువు.

దర్జీ నిలబడ్డాడు. నీ ఉత్తరం బుధవారం వచ్చింది, చదివాను. అయినా ఇవాళ టీచరమ్మ స్కానుకి వెళ్లింది. ఎందుకంటే 'ఉంది' అంటే 'ఎక్కడిది' అని నువ్వు అడుగుతావు. అప్పటికే అడిగేశావు కూడా. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పడం కన్నా ఆ సొరంగంలో దూరడం తేలిగ్గా అనిపించింది ఆవిడకి. బుద్ధి లేని మనిషి.

గుమ్మం దగ్గర ఒక అమ్మాయి పళ్లెం పట్టుకుని నిలబడింది. భూతద్దం పెట్టాను, తలపిన్నులు పెట్టాను, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి పెట్టాను. ఆ అమ్మాయి "అన్నీ తీశారా ఆంటీ?" అంది. 'అన్నీ తీశాను' అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. నీ ముందుకు నడిచిన చెయ్యి గుర్తొచ్చింది. "ఒకటి మిగిలిందమ్మా, అది నా వల్ల తీసేది కాదు" అన్నాను. ఆ అమ్మాయి పళ్లెం కిందపెట్టి నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. కంటికి ఎక్స్‌రే తీశారు. నల్లటి ఫిల్ము మీద తెల్లటి చుక్క, స్పష్టంగా ఉంది. నన్ను ఆ గది గడప తొక్కనివ్వలేదు.

ఇక ఎక్కడిదంటే. నీకు ఎనిమిదేళ్లు. వీధిలో పిల్లలందరి బొంగరాలూ నీదాని కన్నా ఎక్కువసేపు తిరుగుతున్నాయని ఏడ్చావు. ములుకు బాగోలేదు, స్టీలుది చేసివ్వమన్నావు. నేను స్టీలు పుల్లని, చేత్తో తిప్పి లోహాన్ని చెక్కే లేత్‌కి బిగించి, అది సరిగ్గా నడిమికి వచ్చిందో లేదో వంగి చూస్తున్నాను. నువ్వు సాయం చేద్దామని చక్రం తిప్పావు. ఎంత జోరుగా తిప్పావురా! ఉలికి రాసుకుని రెండు స్టీలు రవ్వలు ఎగిరి ఎడమ కంటికి తగిలాయి. ఒకటి డాక్టరు తీశాడు. రెండోది కంటిగుడ్డుకి బయట, పక్క కండలో ఉంది, తీయబోతే తియ్యకపోవడం కన్నా ఎక్కువ హాని, వదిలెయ్యమన్నాడు.

నలకపడింది, పోయిందని ఇంట్లో చెప్పాను. మీ నాన్న సంగతి నీకు తెలుసు. అసలు సంగతి తెలిస్తే నిన్ను కొట్టు గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. అదొక్కటే కాదు. నువ్వు ఏది దొరికితే అది తిప్పి చూసే పిల్లాడివి. ఆ రోజు తర్వాత దేన్నీ ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే పిల్లాడివి అవుతావేమోనని భయపడ్డాను.

గడియారం నిజం కూడా చెబుతాను. శుభ్రం చేద్దామని విప్పాను గానీ, లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం మీది స్క్రూ పట్టుకోలేకపోతున్నాను. ఈ మూడు వేళ్లూ నావి కావు. చెయ్యి పోతే నేను ఎవరినిరా?

అత్త


నేలమాళిగ,
సెప్టెంబరు మొదటి వారం

అత్తా,

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు నాకు ఒక్క జోకూ రాలేదు. హెడ్డు కంగారుపడి "జ్వరమా?" అంది.

నాకు ఆ రోజు గుర్తుంది, కానీ వేరేలా గుర్తుంది. నువ్వు కంటికి కట్టుతో వచ్చి "నలకరా" అన్నావు, నాకొక పాత అలారం గడియారం ఇచ్చి విప్పుకోమన్నావు. మొత్తం విప్పేశాను. మళ్లీ బిగించడం రాలేదు, నువ్వు తిట్టనూ లేదు. ఆ రోజు నుంచీ లేత్ మీద గుడ్డ కప్పి ఉండేది. పాడైందన్నావు. పదహారేళ్లు నమ్మాను. నువ్వు అబద్ధాలు కూడా గడియారాల్లాగే చేస్తావు, ఆగకుండా నడుస్తాయి.

క్షమించమని రాస్తే చింపేస్తావు కాబట్టి రాయడం లేదు. రాసినట్టు అనుకో.

మూడో రోజు నీ ఉత్తరాలన్నీ హెడ్డుకి చూపించాను. ఆవిడ మొదటిది చదువుతూ కనుబొమ్మ ఎత్తింది. "చిటికెన వేలు బాగుందని ఆవిడే స్పష్టంగా రాసిందిగా. మణికట్టు చూడకుండా మెడ దాకా ఎందుకు పరిగెత్తారు?" అంది. నలభై ఏళ్లు పట్టకారు పట్టిన చెయ్యి కదా, మణికట్టు దగ్గరి ఇరుకు సందులో నరం నలిగిపోతుందేమోనని ఆవిడ అనుమానం. అది చూడటానికి మా రాక్షసుడితో పని లేదు, శబ్దం చాలు. మనిషి చెవికి అందనంత సన్నటి శబ్దాన్ని చర్మం మీంచి పంపుతారు. కండ దగ్గర కొంత, నరం దగ్గర కొంత, ఎముక దగ్గర ఇంకా ఎక్కువ వెనక్కి తిరిగొస్తుంది. నూతిలో కేకేసి నీళ్లు ఎంత లోతో చెప్పినట్టే. ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి బొమ్మ గీస్తారు. నీ ఆవగింజని ఆ శబ్దం పలకరించను కూడా పలకరించదు.

వచ్చెయ్. స్టేషనుకి వస్తాను. చేతికి గడియారం లేదు కాబట్టి ముందే వచ్చి కూర్చుంటాను.

బొంగరం


గడియారాల కొట్టు,
కిటికీ పక్క బల్ల,
డిసెంబరు రెండో వారం

బొంగరం,

నీ ఊరు చూశాను, నీ గది చూశాను. ఆ గదిని ఏ యంత్రంతో స్కాను చేసినా నేల కనబడదు. మీ హెడ్డు నాకు నచ్చింది. ఆవిడా నేనూ నీ గురించి మాట్లాడుకున్నవి నీకు చెప్పం.

మణికట్టు దగ్గర ఆపరేషను కుట్లు మానాయి. తెరమీద నరం వాచి కనిపిస్తుంటే "అదుగో, అదుగో" అని నాకంటే నువ్వే ఎగిరావు. పక్కనున్న డాక్టరు నిన్ను బయట కూర్చోబెట్టడం న్యాయమే. బొటనవేలికి ప్రాణం వచ్చింది. చూపుడు వేలు వస్తోంది. నడిమి వేలు ఇంకా బద్ధకిస్తోంది, దాని సంగతి నేను చూసుకుంటాను.

నిన్న నీ గడియారం ముందేసుకున్నాను. స్క్రూ నాలుగుసార్లు జారింది. మూడోసారి పడ్డప్పుడు దర్జీ కూడా వచ్చి నేలమీద పాకాడు. ఐదోసారి కూర్చుంది. రెండు రోజుల పని, ఆరు నెలలు పట్టింది, ఊళ్లో చెప్పకు. తాళం తిప్పలేదు, ఆపే పంపుతున్నాను. నువ్వే తిప్పుకో. మీ గుమ్మం దగ్గర పళ్లెంలో ముందు ఇది పెట్టు, తర్వాత మిగతావి. ఫారంలో ఇరవై నాలుగో ప్రశ్న పెట్టించావట కదా, 'మీరేం పని చేస్తారు, మీ ఇంట్లో పిల్లలు ఏమేం తిప్పారు' అని. మొదటి సగమే ఉంచారని హెడ్డు చెప్పింది.

పార్సిల్లో గుడ్డలో చుట్టి ఇంకొకటుంది. నీ పాత బొంగరం, అటక మీద దొరికింది. ములుకు ఇత్తడితో చేశాను, మీ రాక్షసుడు లాక్కోడు.

అవును, లేత్ మీది గుడ్డ తీశాను. నూనె వేస్తే చాలు, బంగారంలా తిరుగుతోంది. కళ్లద్దాలు పెట్టుకుని, నేనే మెల్లగా తిప్పుకున్నాను. పక్కన తొందరపెట్టేవాళ్లు లేరు, సాయం చేస్తానని మీద పడేవాళ్లు లేరు.

ఏమాత్రం బాగోలేదు. సెలవు పెట్టుకుని రా.

అత్త